పెళ్ళయినవాళ్ళ తలగుడ్డ

కిందటి వారం కథలో నన్ను గుమ్మంలో నిలబెట్టి వెళ్ళిపోయారు మీరు. ఒక చేతిలో తలుపు గడియ, ఇంకో చేతిలో గుడ్లు కలిపే గరిటె. ఎదురుగా నా కూతురు యూరున్. మే పదిహేడు, మా జెండా పండగ పొద్దున. మా హార్దాంగెర్ సీమ వాళ్ళ పండగ బట్టలు కట్టుకుని వచ్చింది. ఎర్ర రవిక, నల్ల పావడా, దాని మీద తెల్ల ఏప్రన్, గొంతు దగ్గర వెండి పతకం. అంతవరకూ ఏటా చూసేదే. తల మీద మాత్రం పెళ్ళికాని పిల్లలు కట్టుకునే పూసల పట్టీ లేదు. గంజి పెట్టి సన్నటి మడతలు పోసిన తెల్ల తలగుడ్డ ఉంది.

అది పెళ్ళయినవాళ్ళు పెట్టుకునేది. నా కూతురికి పెళ్ళయిందని నాకు తెలీదు.

"అలా చూస్తావేంటమ్మా? లోపలికి రానిస్తావా, ఇక్కడే జాతీయగీతం పాడి వెళ్ళిపోమంటావా?" అంది యూరున్.

నేను ఓస్లోలో ట్రామ్ నడుపుతాను. పట్టాల మీదికి మనిషి వచ్చాడంటే ఆలోచించే పని లేదు, బ్రేకు పడిపోతుంది. ఆ పూట మాత్రం చెయ్యి ఆడలేదు. గరిటె నుంచి గుడ్డు కారి నా పండగ చెప్పుల మీద పడింది.

"రా," అన్నాను. ఇంకేమంటాను?

హాల్లో బల్ల దగ్గర మా అమ్మ మాల్‌ఫ్రిద్ అప్పటికే కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి, నా దగ్గరే ఉంటుంది. ఆవిడ పక్కన పై అంతస్తు ఆర్నుల్ఫ్ గారు. భార్య పోయినప్పటినుంచీ ప్రతి జెండా పండగకీ చంకలో ఒక వైను సీసా పెట్టుకుని ఫలహారానికి మా ఇంటికే వస్తాడు. ఓస్లోలోనే పుట్టి పెరిగాడు, పండగ బట్టల సంగతి బొత్తిగా తెలీదు.

"పండగ శుభాకాంక్షలు!" అన్నాడు లేచి నిలబడి. "అబ్బ, ఆ టోపీ ఎంత బాగుందమ్మా నీకు!"

"టోపీ కాదండీ అది," అన్నాను.

"మరేమిటి?"

"నేనూ అదే కనుక్కుందామని. యూరున్, ఇలా వంటింట్లోకి రా."

అమ్మ తల ఎత్తలేదు. రొట్టె ముక్కకి వెన్న రాసుకుంటోంది.

వంటింట్లో పొయ్యి ఆర్పేశాను. కోపంగా ఉన్నప్పుడు నేను వంట ముట్టుకోను, మాడిపోతుంది.

"ఎప్పుడు?" అన్నాను.

"పోయిన శుక్రవారం. టౌన్‌హాల్లో. సంతకాలు పెట్టేశాం, అంతే."

"ఎవరితో?"

"ఎవరితో ఏంటమ్మా! సిండ్రెతోనే. నాకేమైనా పదిమంది ఉన్నారా?"

సిండ్రె అంటే నాకు ఇష్టమే. బెర్గెన్ కుర్రాడు. వాళ్ళ ఊళ్ళో వాన ఆగదు, వాడి నోరూ ఆగదు. అయినా మనసు మంచిది. పోయిన చలికాలం మా అమ్మని మెట్ల మీద ఎత్తుకుని దించాడు, గొణక్కుండా.

"సిండ్రెని నేనెప్పుడైనా వద్దన్నానా?"

"అనలేదు."

"వాడికి తిండి పెట్టలేదా? సాక్సులు అల్లి ఇవ్వలేదా?"

"ఇచ్చావమ్మా. ఇప్పుడూ అవే వేసుకున్నాడు."

"మరి ఈ దొంగపెళ్ళి ఏంటే? ఒక్కగానొక్క కూతురు పెళ్ళి చేసుకుంటే కన్నతల్లికి దాని తల చూస్తే తప్ప తెలీకూడదా?"

యూరున్ కిటికీ వైపు తిరిగింది. బయట ఏదో స్కూలు బ్యాండు రిహార్సలు మొదలుపెట్టింది, పెద్ద డప్పు ఒకటే ముందుకు పోతోంది, బూరాలు అందుకోలేకపోతున్నాయి.

"పెళ్ళికి నాన్న వచ్చాడు," అంది. "నాన్నని పిలిచాను. అందుకని."

ఈ కథ మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకి తెలుసు, కొత్తవాళ్ళ కోసం ఒక్క ముక్క చెబుతాను. యూరున్ వాళ్ళ నాన్న ఊద్వార్ పదకొండేళ్ళ కిందట నన్ను వదిలి వెళ్ళాడు. ఎవరితోనో వెళ్తే ఊరికే తిట్టుకుని ఊరుకుందును. నా సొంత చెల్లెలు ఇంగెర్‌తో వెళ్ళాడు. ఇద్దరూ ఊరికి అవతల కొసన ఉంటారు. ఆ వైపు పోయే ట్రామ్ డ్యూటీ వేస్తే నేను మార్పించుకుంటాను.

"ఈస్టర్‌కి ఫోన్లో ఏమన్నావో గుర్తుందా?" అంది యూరున్. "మీ నాన్న కూర్చున్న బల్ల దగ్గర నేను కూర్చోను, ఆయన కావాలో నేను కావాలో తేల్చుకో అన్నావు. నేను తేల్చుకోలేకపోయానమ్మా."

"తేల్చుకున్నావుగా! ఆయన్ని పిలిచావు, నన్ను వదిలేశావు!"

"పిలిస్తే వచ్చేదానివా?"

రాను. అది నాకూ తెలుసు, దానికీ తెలుసు.

"పిలిచాక నువ్వు రాకపోతే నేను తట్టుకోలేను," అంది. "పిలవకపోతే, నేనే పిలవలేదు కదా, అమ్మ తప్పేం లేదు అని సర్దిచెప్పుకోవచ్చు. వారం నుంచి అదే చెప్పుకుంటున్నాను. పని చెయ్యట్లేదు."

"మరి ఇవాళ ఇది తగిలించుకుని రావడం ఎందుకు? పండగపూట నన్ను ఏడిపించడానికా?"

"చెప్పడానికి నోరు రాలేదు. ఫోన్ తీయడం, పెట్టేయడం. పూసల పట్టీ కట్టుకుని వస్తే నీకు వచ్చే ఏడు దాకా తెలిసేది కాదు. కట్టుకున్నాను కూడా. అద్దంలో చూసుకుని తీసేశాను. నోటితోనైతే ఒక అబద్ధం ఆడేదాన్నేమో. మే పదిహేడున తలమీద అబద్ధం పెట్టుకుని ఊరంతా తిరగలేనమ్మా."

ఊద్వార్ వెళ్ళిన ఏడే నేనూ తలగుడ్డ తీసి పెట్టెలో పడేశాను. ఉత్త తలతో తిరుగుతోందని అమ్మ ఏటా సణుగుతూనే ఉంటుంది. మొగుడు లేనప్పుడు ఉన్నట్టు నెత్తిన మోయడం ఎందుకని నా వాదన. పిల్ల నా కడుపున పుట్టింది, ఏం చేస్తాం.

అంతవరకూ ఎలాగో తమాయించుకున్నాను. అప్పుడు ఇంకో సంగతి తట్టింది.

ఆ తలగుడ్డ ఎవరికి వారు కట్టుకోలేరు. వెనక నిలబడి ఇంకొకరు కట్టాలి, అదీ తెలిసిన చెయ్యి అయ్యుండాలి. తడి నారబట్ట మీద గోటితో ఒక్కొక్క మడతా పోసి, ఆరబెట్టి, తలమీద నిలబెట్టి పిన్నులు గుచ్చాలి. మా ఇంట్లో అది వచ్చినవాళ్ళం ముగ్గురమే. అమ్మ, నేను, ఇంగెర్. అమ్మకి వాతంతో వేళ్ళు కొంకర్లు పోయాయి, కాఫీ కప్పుకే రెండు చేతులు కావాలి. నేను కట్టలేదు. ఇంక మిగిలిందెవరు?

"ఇంగెర్ కట్టిందా నీకు ఇది?" అన్నాను.

యూరున్ గొంతు దగ్గర పతకం సవరించుకుంది.

"అడుగుతుంటే చెప్పవేం? మీ పిన్నేనా? నా మొగుణ్ణి పట్టుకుపోయింది చాలక, నా కూతురి తలమీద కూడా చెయ్యి పెట్టిందా అది? తల్లి బతికుండగా పిన్ని చేత కట్టించుకున్నావా? నువ్వు నా కూతురివేనా అసలు?"

గట్టిగానే అరిచాను. హాల్లో ఆర్నుల్ఫ్ గారి ఫోర్కు చప్పుడు ఆగిపోయింది.

"అమ్మా, నెమ్మదిగా..."

"నెమ్మది ఏంటే! వినేవాళ్ళు విననీ. తిప్పు, ఆ తల ఇటు తిప్పు."

భుజం పట్టుకుని వెనక్కి తిప్పాను. ఎందుకు తిప్పానో నాకే తెలీదు, ఆ గుడ్డ పీకి పారేద్దామనే అనుకున్నానేమో. చెయ్యి ఎత్తి, ఆగిపోయాను. ఎడమ రెక్క కిందికి జారి ఉంది. వెనక మడతలు రెండు చోట్ల ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఒక పిన్ను పట్టాల్సిన చోట మూడు గుచ్చి ఉన్నాయి.

ఇంగెర్ గురించి నన్ను తప్పులు చెప్పమంటే పొద్దుగూకేదాకా చెబుతాను. మడత వంకరగా వదిలేసిందన్న మాట మాత్రం చెప్పలేను. చిన్నప్పుడు బొమ్మకి కట్టినా నిలువునా గీత గీసినట్టు ఉండేది.

నేను హాల్లోకి వెళ్ళాను.

"అమ్మా."

"వెన్న గట్టిగా ఉందే హెర్దిస్," అంది అమ్మ. "కాస్త ముందే బయట పెట్టాల్సింది."

"ఆ తలగుడ్డ ఎవరు కట్టారు?"

"ఎవరో ఒకరు కట్టాలి కదా."

"నువ్వా?"

"నేనే. ఇవాళ తెల్లారకముందే, నువ్వు నిద్రలో ఉండగా పిల్ల వచ్చి కట్టించుకుపోయింది." రొట్టె పళ్ళెంలో పెట్టి, వేళ్ళు తుడుచుకుంది. "మడతలూ నేనే పోశాను. నువ్వు సాయంత్రం సాయంత్రం పండగనాడు సాసేజ్‌లు అమ్మే ఆ స్కూలు కమిటీకి పోయేదానివి కదా, అప్పుడు. ఎడంపక్క జారింది, తెలుసు. వేళ్ళు నా మాట వినడం లేదు, ఏం చెయ్యను?"

"పెళ్ళికి వెళ్ళావా?"

"వెళ్ళాను."

"ఎప్పుడు వెళ్ళావు? శుక్రవారం నువ్వు కళ్ళ డాక్టరు దగ్గరికి కదా వెళ్ళింది!"

"కళ్ళ డాక్టరు దగ్గరికి ఎవరైనా వెండి పతకం పెట్టుకుని పోతారా? నీకే అనుమానం రావాల్సింది."

ఆర్నుల్ఫ్ గారు కుర్చీ వెనక్కి జరిపాడు. "నేను పైకి వెళ్ళి... నా స్టవ్ ఆపానో లేదో..."

"కూర్చోండి!" అన్నాం నేనూ అమ్మా ఒకేసారి. పాపం కూర్చున్నాడు.

"అంటే అందరికీ తెలుసు," అన్నాను. "ఈ ఇంట్లో వండేది నేను, ఉతికేది నేను, నీ మందులు తెచ్చేది నేను. నా ముక్కు కింద పెళ్ళి జరిగింది, నేనొక్కదాన్నే వెర్రిమొహాన్ని."

కుర్చీలో కూలబడ్డాను. ఏడుపు వచ్చింది. దాచుకోలేదు, పండగ రవిక తడిసేలా ఏడ్చాను. యూరున్ వచ్చి పక్కన నిలబడింది, నా వీపు మీద చెయ్యి వెయ్యాలో వద్దో తెలీక. ఆర్నుల్ఫ్ గారు వైను పోసి నా ముందు పెట్టి, చాలదనుకున్నాడేమో, తన గ్లాసు కూడా ఇటు జరిపాడు.

"ఏడు," అంది అమ్మ. "ఏడిస్తే మంచిదే. ఏడవడం అయ్యాక ఆ ఎడంపక్క సరిచెయ్యి. పిల్ల బజార్లోకి వెళ్ళాలి."

కళ్ళు తుడుచుకుని చూశాను. నిజమే. యూరున్ టీచరు. తన క్లాసు పిల్లల్ని వెంటబెట్టుకుని స్కూలు జెండా వెనక రాజుగారి మేడ దాకా నడవాలి. దారి పొడుగునా జనం. ఆ జనంలో ఇంకేం పని లేని ఆడవాళ్ళు ఉంటారు, వచ్చేపోయేవాళ్ళ బట్టలే చూస్తారు. ఎవరి బకిల్ తప్పు, ఎవరి మేజోళ్ళ రంగు తప్పు, అన్నీ లెక్కే. హార్దాంగెర్ తలగుడ్డ జారి కనిపిస్తే మేడ దాకా వెనకే నడిచి మరీ అడుగుతారు, ఎవరమ్మా కట్టింది అని. అప్పుడు యూరున్ మా ఇంటి పేరే చెప్పాలి.

కోపం కోపమే. వంకర మడత వంకర మడతే.

"కూర్చో," అన్నాను.

యూరున్ ముక్కాలిపీట మీద కూర్చుంది. నేను వెనక నిలబడి పిన్నులు ఒక్కొక్కటీ తీసి పెదాల మధ్య పెట్టుకున్నాను. అలా పెట్టుకుంటే మాట్లాడ్డం కుదరదు. ఆ సంగతి దానికి చిన్నప్పటినుంచీ తెలుసు. ఏ గొడవ చేసినా, ఏ గ్లాసు పగలగొట్టినా, జడ వేసేటప్పుడే చెప్పేది.

"టౌన్‌హాల్లో ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంచామమ్మా," అంది. "సిండ్రె వాళ్ళమ్మ తెలీక కూర్చోబోయింది. అమ్మమ్మ కర్ర అడ్డం పెట్టేసింది."

"ఊఁ," అన్నాను.

"నాన్న ఏడ్చాడు."

"ఊఁ."

"పిన్ని లోపలికి రాలేదు. బయట మెట్ల మీదే నిలబడింది. రమ్మని చెయ్యి పట్టుకుని లాగాను. హెర్దిస్ లేని చోట నాకేం పని అంది."

ఈసారి ఊఁ అనలేదు. వెనక మడతలు విడదీసి, నీళ్ళతో వేలు తడిపి, ఒక్కొక్కటీ మళ్ళీ గోటితో నొక్కాను. నా కూతురి మెడ మీద వెంట్రుకలు చిన్నప్పటిలాగే సుడి తిరిగి ఉన్నాయి. దీని పెళ్ళికి ఈ పని నేను చెయ్యాల్సింది. వారం ఆలస్యంగా, గుడ్ల వాసన కొడుతున్న చేతులతో చేస్తున్నాను. అయినా చేస్తున్నాను కదా అనిపించింది. ఎడమ రెక్క ఎత్తి, కుడిదానికి సమం చేసి, పిన్ను గుచ్చాను. ఒక్కటే సరిపోయింది.

"అయిందా?" అంది.

"అయింది."

"అయితే చెబుతున్నాను. అరవకు. వాళ్ళు కింద ఉన్నారు."

"ఎవరు?"

"సిండ్రె. నాన్న. పిన్ని. వీధి గేటు దగ్గర నిలబడ్డారు. నువ్వు పిలిస్తేనే పైకి వస్తారు. లేకపోతే నన్ను స్కూలు దాకా దిగబెట్టి వెళ్ళిపోతారు."

ఆర్నుల్ఫ్ గారు నా వైపు చూడకుండా ఉండటానికి చేప ముక్కని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు. వద్దు, అనబోయాను. యూరున్ మొహం చూశాను. అది నన్ను బతిమాలడం లేదు. వద్దంటానని ముందే ఒప్పేసుకుని, పావడా దులుపుకుంటోంది. ఆ ఒప్పుకోవడమే నేను చూడలేకపోయాను. ఇవాళ వద్దంటే ఇక ఈ పిల్ల నన్ను దేనికీ అడగదు. పురుడికీ అడగదు, చావుకీ అడగదు.

"బల్ల దగ్గర కూర్చోనన్నాను," అన్నాను. "గేటు దగ్గర నిలబడనని అనలేదుగా. పద."

"హెర్దిస్," అంది అమ్మ వెంటనే. "నువ్వెందుకు దిగడం? సిండ్రె ఒక్కణ్ణీ పిలిపిస్తే చాలదూ? పండగపూట వాళ్ళిద్దరినీ ఎందుకు కదిలించడం?"

నాకు వింతగా అనిపించింది. పొద్దుటినుంచీ ఇంత ధైర్యంగా కూర్చున్న మనిషి గొంతులో తడబాటు. పెళ్ళికి వెళ్ళింది, మడతలు పోసింది, కర్ర అడ్డం పెట్టింది, ఇప్పుడు భయమేంటి? అడిగే ఓపిక లేదు. వంట ఏప్రన్ విప్పి కుర్చీ మీద పడేసి యూరున్ వెనక మెట్లు దిగాను.

కింద సన్నగా తుంపర పడుతోంది. సిండ్రె నల్ల సూటులో, చేతిలో చిన్న జెండాతో నిలబడ్డాడు. నన్ను చూడగానే మొదలుపెట్టాడు.

"హెర్దిస్ గారూ, పండగ శుభాకాంక్షలు, నేను మొదటే అన్నాను, అలా వద్దు, ముందు వెళ్ళి చెప్పుకుందాం, కాళ్ళు పట్టుకుందాం అన్నాను, అడగండి కావాలంటే..."

"నోరు మూసుకుని ఇలా రారా అల్లుడా," అన్నాను. వచ్చాడు. కౌగిలించుకున్నాను. ఎముకలు కలుక్కుమనేలా కౌగిలించుకున్నాను, కొంత ప్రేమ, కొంత కసి. వాడి భుజం మీదుగా యూరున్ ఏడుస్తూ నవ్వుతోంది.

ఊద్వార్ గోడ పక్కన నిలబడ్డాడు. జుట్టు నెరిసిపోయింది, కోటు వదులైపోయింది. ఇతను ముసలివాడైతే చూసి సంతోషించాలని ఎన్నోసార్లు అనుకున్నాను. చూశాను. సంతోషం రాలేదు.

"పండగ శుభాకాంక్షలు," అన్నాను, పక్కింటాయనకి చెప్పినట్టు.

"నీకూ, హెర్దిస్," అన్నాడు.

ఇక ఇంగెర్. మా పండగ బట్టలే కట్టుకుంది. తల మాత్రం ఉత్తది, నాలాగే. అంటే ఇన్నేళ్ళయినా ఊద్వార్‌ని చేసుకోలేదన్నమాట. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగనివ్వలేదు. దీన్ని ఎదురుగా చూసిన రోజున అనాల్సిన మాటలు ట్రామ్ నడుపుతూ పదకొండేళ్ళు నూరుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు.

"తడుస్తున్నావు," అన్నాను. "పైకి రా. కాఫీ ఉంది."

ఇంగెర్ కదల్లేదు. నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఏదో వెతుకుతున్నట్టు చూసింది.

"అయితే అమ్మ నీకు చెప్పిందా?" అంది.

"ఏం చెప్పింది? పెళ్ళి సంగతా? చెప్పింది, ఇప్పుడే."

"పెళ్ళి కాదు." మాట తగ్గించింది. "చెప్పి ఉంటేనే నువ్వు దిగొచ్చావనుకున్నాను. పదకొండేళ్ళ కిందట ఊద్వార్ దగ్గరికి నన్ను పంపింది ఎవరో చెప్పలేదా?"

ఊద్వార్ తల వంచుకున్నాడు. వెనక మెట్ల మీద కర్ర చప్పుడయింది. చలికాలం తర్వాత ఒక్క మెట్టు కూడా ఒంటరిగా దిగని మా అమ్మ, రెండు అంతస్తులూ రెయిలింగు పట్టుకుని దిగి వచ్చి, గేటు లోపల నిలబడి ఉంది.

"యూరున్, నువ్వు వెళ్ళు తల్లీ, స్కూల్లో పిల్లలు ఎదురుచూస్తుంటారు," అంది అమ్మ రొప్పుతూ.

యూరున్ వెళ్ళలేదు. బ్యాండు మా వీధి మలుపు తిరిగింది.

"అమ్మా, ఇదేం మాట్లాడుతోంది?" అన్నాను.

అమ్మ ఇంగెర్ వైపు చూడలేదు. నన్నే చూసింది.

"నేనే పంపాను," అంది. "నీకోసమే పంపాను."

(మిగతాది వచ్చే వారం)